పొట్టు కరెంటు ఏ లెక్కలోకి?

చౌడేపల్లెలోనో, పుంగనూరులోనో శెనక్కాయలు ఒలిచే మిషను దగ్గర గుట్టగా పడిన పొట్టును మీరు చూసే ఉంటారు. పొయ్యిలో వేస్తే భగ్గున మండుతుంది. ఆ మంటతో నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బయిన్‌ను తిప్పితే కరెంటు పుడుతుంది. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రంలో బొగ్గుతో జరిగేదీ ఇదే. పొట్టు కాలినా, బొగ్గు కాలినా వచ్చేది బొగ్గుపులుసు వాయువే. మరి ప్రభుత్వం పొట్టు కరెంటును మాత్రమే తరగని శక్తి పద్దులో ఎందుకు రాస్తుంది?

తేడా పొగలో లేదు, కాలంలో ఉంది. కిలో పొట్టు కాలితే కిలోన్నరకు పైగా బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అందులోని కర్బనాన్ని మొక్క మొన్నటి పంటలో గాలి నుంచే పీల్చుకుంది. మళ్ళీ విత్తితే మళ్ళీ పీల్చుకుంటుంది. నాలుగు నెలల అప్పు! సింగరేణి బొగ్గులోని కర్బనం సుమారు 25 కోట్ల ఏళ్ళ కిందటిది. దాన్ని తిరిగి భూమిలోకి చేర్చే పంట ఏదీ లేదు.

పంపిణీ సంస్థలు కొనే కరెంటులో కొంత శాతం తరగని వనరులదై ఉండాలని 2003 విద్యుత్ చట్టం చెప్పింది. మన రాష్ట్ర నియంత్రణ మండలి 2004లో ఇలాంటి కరెంటుకు ధర కూడా కట్టింది. అంటే ఆ పద్దులో చేరడం గౌరవమే కాదు, డబ్బు కూడా!

ఇక్కడే చిక్కు. 6 మెగావాట్ల చిన్న కేంద్రం రోజంతా నడిస్తే 1,44,000 యూనిట్లు. యూనిట్‌కు కిలో పొట్టు అనుకున్నా రోజుకు 144 టన్నులు. ఎకరాకు 500 కిలోల కాయ పండితే అందులో పొట్టు 150 కిలోలు. భాగించి చూడండి: రోజుకు 960 ఎకరాల పొట్టు! ఏడాదికి మూడున్నర లక్షల ఎకరాలు. శెనక్కట్టెను వేద్దామా అంటే అది పశువుల మేత. చివరికి చూపు చెట్ల మీదికి పోతుంది.

అందుకే కేంద్ర నియంత్రణ మండలి 2009లో హద్దులు గీసింది. పంట వ్యర్థాలు, ఊక, పొట్టు, సర్కారు తుమ్మ లాంటి అడవి కంప, కరెంటు కోసమే పెంచిన తోపుల కర్ర లెక్కలోకి వస్తాయి. కేంద్రంలో బొగ్గు కలిపినా 15 శాతం దాటకూడదని అప్పట్లో చెప్పింది. బోయకొండ మీది నిలువు చెట్టును నరికి వేస్తే అది వేరే సంగతి. ఆ అప్పు తీరడానికి దశాబ్దాలు పడుతుంది. ఇంగ్లండులోని డ్రాక్స్ కేంద్రం అమెరికా కర్రతో చేసిన గుళికలను ఓడల్లో తెప్పించి కాలుస్తుంది. అక్కడి ప్రభుత్వం దాన్నీ తరగని శక్తిగానే లెక్కిస్తుంది. చాలామంది శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. నాకూ వారి మాటే సబబనిపిస్తుంది.

ఈసారి మిషను దగ్గరికి వెళ్ళినప్పుడు రోజుకు ఎన్ని బస్తాల పొట్టు వస్తోందో, అది ఎక్కడికి పోతోందో అడగండి. ఒక బస్తా తూచి, ఎన్ని యూనిట్లవుతుందో మీరే కట్టండి.