ముద్రారాక్షసము: మిత్రుల రహస్యములు

1932లో లండనునందు ప్రథమముగా ప్రదర్శింపబడిన ప్రీస్ట్లీగారి 'డేంజరస్ కార్నర్' నాటకమున, మిత్రులు భోజనానంతరము సంభాషించుచుండగా ఒక సిగరెట్ల పెట్టెను గూర్చి జారిన మాటవలన వారి రహస్యము లొకటొకటిగా బయల్పడును. ఇట్టి కథ మనకు క్రొత్తది కాదు. తిరుపతి వేంకటకవులు తెనిగించిన విశాఖదత్తుని ముద్రారాక్షసములో ఆ పెట్టెకు బదులు ఉంగరము కలదు.

నందవంశము నశించిన పిమ్మట వారి మంత్రి రాక్షసుడు తన భార్యాపుత్రులను పాటలీపుత్రమున రత్నవర్తకుడగు చందనదాసు నింట దాచి, చంద్రగుప్తునిపై పగ సాధించుటకు మలయకేతువును జేరెను. యమపటము చూపి యాచించు వేషమున చాణక్యుని చారుడొకడు ఆ యింటికి వచ్చెను. అయిదేండ్ల బాలుడు బయటికి పరుగిడగా, ఒక స్త్రీ వానిని లోనికి లాగుకొనెను. అప్పుడామె వ్రేలినుండి ఉంగరము జారి, దొర్లి, చారుని పాదముకడ నిలిచెను. దానిపై రాక్షసుని పేరు! మల్కాజ్‌గిరి వీథిలో మనకు ఉంగరము దొరకినచో ఎవరిదని విచారించి యిచ్చివేయుదుము. చాణక్యుడు దానితో ఒక కపటలేఖకు ముద్ర వేయించెను. ఆ లేఖను వ్రాసినవాడు రాక్షసుని ప్రాణమిత్రుడు శకటదాసు. అది దేనికో అతడెఱుగడు.

విద్యార్థులారా, రాక్షసుని చుట్టునున్న వారిని లెక్కింపుడు. శకటదాసును వధ్యస్థానమునుండి తప్పించి తెచ్చిన సిద్ధార్థకుడు చాణక్యుని చారుడు. క్షపణకవేషమున నున్న మిత్రుడు జీవసిద్ధియు చారుడే. మలయకేతువు చెలికాడు భాగురాయణుడును అంతే. ప్రేక్షకులకిది ముందే తెలియును; తెలియనివాడు రాక్షసుడొక్కడే. అయిదవ యంకమున లేఖ పట్టుబడెను. ముద్ర తనది, వ్రాత మిత్రునిది. ఒంటిమీది యాభరణములు మలయకేతుని తండ్రివి, తెలియక కొన్నవి. ఏమని చెప్పగలడు? ఆలుబిడ్డలపై మమకారముచే శకటదాసే ద్రోహము చేసెనేమో యని తలచెను. కపటులను నమ్మినవాడు నిష్కపటుని శంకించెను. నాటకమంతటిలో నా మనస్సును మిక్కిలి నొప్పించు ఘట్టమిదియే.

చందనదాసు మాత్రము చాణక్యుడు బెదరించినను రాక్షసుని కుటుంబమును అప్పగింపలేదు. చాణక్యుడు ఆ నమ్మకమునే ఉచ్చుగా పన్నెను. రాక్షసుని చంపుట యతని కోరిక కాదు. చంద్రగుప్తునకు మంత్రిగా జేయవలెను. భార్యయు బిడ్డయు వెంటరాగా చందనదాసును చంప గొనిపోవుచున్నారని విని రాక్షసుడు తానై వచ్చి లొంగిపోయెను.

అప్పుడు చాణక్యుడు గుట్టంతయు విప్పెను. ఆ తలారులలో ఒకడు సిద్ధార్థకుడేననియు, శకటదాసు ఏమియు నెఱుగకయే లేఖ వ్రాసెననియు చెప్పెను. మంత్రిపదవి మాట ఇంకను రాలేదు. రాక్షసుడు, శకటదాసునిపై తన సందేహము తొలగెనని సంతోషించెను.