పిలుపు ఉద్యోగం మానమంటోందా?



నాకు ముప్ఫై ఆరేళ్లు. అబిడ్స్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. మా ఇల్లు నాంపల్లిలో, స్టేషన్‌కి దగ్గర. పదకొండేళ్లుగా మా సంఘంలో సండే స్కూల్ చిన్నపిల్లల క్లాసు చెబుతున్నాను. వేసవిలో వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) పది రోజులూ నాకు పండగే. ఏడాదంతా దాచుకున్న సెలవులు దానికే వాడతాను.

పోయిన మే నెలలో, వీబీఎస్ చివరి రోజున, పిల్లలందరూ వెళ్లిపోయాక ఒక బాబు గేటు దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఏడేళ్లుంటాయేమో. "అక్కా, రేపు లేదా?" అన్నాడు. లేదు నాన్నా, మళ్లీ వచ్చే ఏడాదే అన్నాను. "మరి రేపు నేనేడికి పోవాలె?" అన్నాడు. వాళ్ల నాన్న లేడు. అమ్మ ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతుంది. ఆ రాత్రి మోకరించి ఏడ్చాను. అప్పటి నుంచి దేవుడు నన్ను పూర్తికాలం పిల్లల పరిచర్యకు పిలుస్తున్నాడని బలంగా అనిపిస్తోంది.

తర్వాత ఒక కూటంలో, వేరే ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు నా కోసం ప్రార్థించి, "ఉద్యోగం వదిలి పిల్లల హోమ్ మొదలుపెట్టమ్మా, ఆలస్యం చేస్తే అవిధేయతే" అన్నారు. మా ఆయన మెడికల్ షాపులో పని చేస్తారు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది ఎనిమిదో తరగతి. ఇంటి అద్దె నా జీతంలోంచే. ఈ మాటెత్తితే ఆయన వద్దనరు, సరే అనరు, కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోతారు. అత్తమ్మ మాత్రం, "సొంత పిల్లల చదువు చూసే తీరిక లేదు, ఊళ్లో పిల్లలకు తల్లివవుతావా?" అంటున్నారు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఇది దేవుని పిలుపేనా, నా మనసులోని కోరికా? ఎలా తెలుస్తుంది అక్కా?

— ఒక సోదరి, నాంపల్లి

చెల్లెమ్మా,

మీ ఉత్తరంలో నన్ను కదలనివ్వకుండా పట్టుకున్నది ఆ బాబు ప్రశ్న. ప్రసంగీకుడి మాటనూ దాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన హోమ్ పెట్టమన్నారు. బాబు హోమ్ అడగలేదు. వాడికి అమ్మ ఉంది, ఇల్లుంది. వాడికి కావలసింది రేపు కూడా తెరిచి ఉండే ఒక గేటు. మీ పిలుపు నాకు ఆ ప్రశ్నలోనే వినబడుతోంది.

ఆలస్యం అవిధేయత అన్న మాటను నేను ఒప్పుకోను. సమూయేలు కథ మీరు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! పిల్లవాడు మూడుసార్లు పిలుపు విని మూడుసార్లూ ముసలి ఏలీ దగ్గరికే పరిగెత్తాడు. ఆ పిలుపు ఎవరిదో ఏలీకి కూడా మూడోసారికి గానీ తట్టలేదు. దేవుడు విసుక్కోకుండా నాలుగోసారి వచ్చి పిలిచాడు. ఇంకొక సంగతి మనం పిల్లలకు చెప్పకుండా దాటేస్తుంటాం. తెల్లవారగానే ఆ పిల్లవాడు లేచి, ఎప్పటిలాగే మందిరం తలుపులు తీశాడు. అంత పెద్ద మాట విన్న మర్నాడు కూడా చేతిలో ఉన్న పని మానలేదు.

సండే స్కూళ్లకు పేరు తెచ్చిన రాబర్ట్ రైక్స్ ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో పత్రిక నడిపేవాడు. ఆరు రోజులూ కార్ఖానాల్లో పని చేసి, ఆదివారం వీధుల్లో తిరిగే పిల్లలను చూసి 1780లో బడి పెట్టించాడు. పత్రిక పని 1802 దాకా విడిచిపెట్టలేదు. ఆ బడి ఎక్కడి దాకా పాకిందంటే, 1876కల్లా అలహాబాదులో ఇండియా సండే స్కూల్ యూనియన్ పుట్టింది. పదకొండేళ్లుగా మీరు చెబుతున్న క్లాసు ఆ పరంపరలోదే. మీరు ఇప్పటికే పరిచర్యలో ఉన్నారు, తల్లీ.

అన్నీ వదిలి పిల్లల కోసమే బతికినవాళ్లు లేరనడం లేదు. ఏమీ కార్మైకేల్ 1895లో మన దేశానికి వచ్చారు. తమిళనాట ఊరూరా తిరిగి సువార్త చెప్పడం ఆమె పని. 1901లో గుడి నుంచి పారిపోయిన ఏడేళ్ల పాప ఆమె దగ్గరికి చేరింది. ఆ పాప వెనక ఇంకా పిల్లలు వచ్చారు. పిల్లలుంటే కాళ్లకు బంధం పడుతుందని తెలిసీ ఆమె దోనావూరులో ఆగిపోయారు. 1951లో కన్నుమూసే దాకా స్వదేశం మొహం చూడలేదు. హోమ్ పెట్టాలని ఆమె పిల్లలను వెతుక్కోలేదు. దిక్కులేని పిల్ల వాకిట్లోకి వచ్చాక ఆమె పని మారింది. మీ వాకిట్లోకి వచ్చిన పిల్లవాడికి తల్లి ఉంది. వాడిని ఆ తల్లి నుంచి తెచ్చి హోమ్‌లో పడుకోబెడితే వాడికి ఏం మేలు జరుగుతుంది?

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లల హోమ్ నడిపితే ఏడాది దాకా జైలు గానీ, లక్షకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. స్టేషన్‌లో ఒంటరి పిల్లలు కనబడితే జాలిపడి ఇంటికి తీసుకురాకండి. 1098కి ఫోన్ చేయండి, లేదా అక్కడే ఉన్న రైల్వే పోలీసులకు అప్పగించండి. ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుకు ఆ బిడ్డను చేర్చాలి. హోమ్ పెట్టమన్న పెద్దమనిషి ఇవేవీ మీకు చెప్పలేదు.

ఇప్పుడు మీరు చేయగలిగింది చెబుతాను. మీ పాస్టరుగారిని అడిగి ప్రతి శనివారం సాయంత్రం రెండు గంటలు ఒక గది తీసుకోండి. కథ, పాట, కంఠత వాక్యం, తర్వాత ఎక్కాలు, చదవడం. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద బొమ్మల పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి, నాలుగు ఏరుకోండి. మీతో పాటు ఇంకొక పెద్ద మనిషి తప్పక ఉండాలి. ఏ పిల్లతోనూ మూసిన గదిలో ఒక్కరే ఉండకూడదు, ఈ నియమం మీకూ వర్తిస్తుంది. ఏ బిడ్డ ఒంటి మీదైనా చెయ్యి పడిందని అనుమానం వస్తే, సంఘం పరువు పోతుందని నోరు మూసుకోకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అది పోలీసులకు చెప్పి తీరాలి.

మీ చుట్టూ యూసుఫైన్ దర్గా నీడన పెరిగే పిల్లలున్నారు, గుడి మెట్ల మీద ఆడుకునే పిల్లలున్నారు. వాళ్ల అమ్మలతో మొహం మీదే చెప్పండి, ఉర్దూలో చెప్పాల్సివస్తే ఉర్దూలో: మేం యేసు కథలు చెబుతాం, ఇష్టమైతేనే పంపండి అని. దాచిపెట్టి చెప్పే సువార్త నాకు సువార్తలా కనబడదు. బిస్కెట్లు ఎర వేయడం, పేద పిల్లల ఫోటోలు చూపించి చందాలు అడగడం రెండూ వద్దు. ఆ బాబు పెద్దయ్యాక ఆ ఫోటో చూస్తే ఎంత నొచ్చుకుంటాడో ఆలోచించండి.

మీ ఆయన మౌనం గురించి. ఒకటో తారీఖున అద్దె ఎలా కట్టాలో ఆయన మనసులో లెక్క వేసుకుంటున్నారని నా అనుమానం. లెక్కలు మీ వృత్తి కదా. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక నోటుపుస్తకం తీసి ఆయన పక్కన కూర్చోండి. అద్దె, ఫీజులు, సరుకులు ఆయన చేతే రాయించండి. ఉద్యోగం మానే మాట అసలు ఎత్తకండి. శనివారం రెండు గంటలు మాత్రం అడగండి.

అత్తమ్మ మాట గుచ్చుకుందంటే, అందులో కొంత నిజం ఉండబట్టే. పెద్దమ్మాయి పుస్తకాల దగ్గర రోజూ అరగంట కూర్చోండి. అది మీ పరిచర్యకు అడ్డు అనుకోకండి, దాంట్లో మొదటి భాగం అదే.

కోరికా, పిలుపా అని అడిగారు. ఒక ఏడాది ఈ పని చేశాక మీకే తెలుస్తుంది. వర్షాకాలంలో ముగ్గురే పిల్లలు వచ్చిన శనివారం, ఆఫీసులో ఆడిట్ నడుస్తూ తల పగిలిపోతున్న శనివారం కూడా మీ కాళ్లు ఆ గది వైపే నడిస్తే, మీ పాస్టరుగారూ మీ ఆయనా కూడా అదే మాట అంటే, అప్పుడు ఉద్యోగం సంగతి మళ్లీ మాట్లాడుకుందాం. ఆరు నెలల అద్దె ఈలోపు పక్కన పెట్టుకోండి.

ముందు ఆ బాబు వాళ్ల అమ్మ లాడ్జిలో పని దిగే వేళ కనుక్కుని ఆమెను కలవండి. వచ్చే శనివారం గేటు తెరిచి ఉంటుందని వాడికి మీ నోటితో చెప్పండి.