సానా గదిలో తగ్గే బరువు ఏది?

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్ రోజు ఉదయం మల్లయోధురాలు వినేశ్ ఫొగాట్ 50 కిలోల పరిమితి కంటే 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలయ్యారు. ముందు రాత్రంతా బరువు తగ్గించేందుకు చేసిన ప్రయత్నాల్లో సానా కూడా ఉంది. 50 నిమిషాల సానా తర్వాత చుక్క చెమట కూడా రాలేదని ఆమె కోచ్ చెప్పారు. సానాలో తగ్గేది ఏమిటో దీన్నిబట్టే తెలుస్తుంది. అది నీటి బరువు.

ఫిన్లాండ్ పద్ధతి సానాలో గాలి 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. చర్మానికి రక్తం ఎక్కువగా పంపేందుకు గుండె, చురుగ్గా నడిచేటప్పుడు కొట్టుకున్నట్టే వేగంగా కొట్టుకుంటుంది. అందుకే సానాను వ్యాయామంతో పోలుస్తారు. కానీ నడిచేటప్పుడు కండరాలు ఇంధనాన్ని మండిస్తాయి. సానాలో అవి ఊరికే కూర్చుంటాయి.

ఇంకో లెక్క కూడా వినిపిస్తుంటుంది. కిలో చెమట ఆవిరవడానికి సుమారు 580 కిలోకేలరీలు కావాలి, కాబట్టి అర కిలో చెమట పడితే 290 కిలోకేలరీలు ఖర్చయినట్టేనని. గుప్తోష్ణం అంకె సరైనదే. అయితే ఆ వేడి ఎక్కడిది? ఒంటికంటే గాలి వేడిగా ఉన్నప్పుడు వేడి బయటి నుంచి లోపలికి వస్తుంది. చెమట మోసుకుపోయేది ప్రధానంగా దాన్నే. ఆ కేలరీల బిల్లు సానా హీటరుది, మన కొవ్వుది కాదు. పైగా నేల మీదకు కారిపోయిన చెమట అసలు ఆవిరే కాలేదు.

మరి కొవ్వు ఎటు పోతుంది? రూబెన్ మీర్‌మన్, ఆండ్రూ బ్రౌన్ 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీన్ని లెక్కగట్టారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఆక్సీకరణం చెందితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో వెళ్లిపోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కిలోకేలరీల లోటు కావాలి. అరగంట చెమటతో అది తీరేది కాదు.

సానా వృథా అని దీనర్థం కాదు. తూర్పు ఫిన్లాండ్‌లో 2,315 మంది మధ్యవయసు పురుషులను దాదాపు 20 ఏళ్లు గమనించిన అధ్యయనం 2015లో వెలువడింది. వారానికి 4 నుంచి 7 సార్లు సానా చేసేవారిలో గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్నవారే తరచు సానాకు వెళ్లడం కూడా ఇందుకు కొంత కారణం కావచ్చు. ఏమైనా అక్కడి ప్రశ్న గుండె గురించి, నడుము చుట్టుకొలత గురించి కాదు.

తూకం కోసం ఒంట్లోని నీరు తీసేయడం ప్రాణాల మీదకు తెస్తుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు నెలకు కాస్త ఎక్కువ వ్యవధిలోనే ఇలా మరణించారు. ఆ తర్వాత అక్కడి కళాశాల కుస్తీలో బరువు తగ్గేందుకు సానాలు, రబ్బరు సూట్లు వాడటాన్ని నిషేధించారు.

మీరు సానాకు వెళ్తే ముందు, తర్వాత బరువు చూసుకోండి. తేడా ఎంత వచ్చిందో కనీసం అంత నీరు తిరిగి తాగాలి. గుండెజబ్బు, రక్తపోటు మందులు వాడేవారు ముందుగా డాక్టరును అడగాలి.