సూరత్‌లో పాత కారు: బయానాకు ముందే

ప్రశ్న: సూరత్ లింబాయత్‌లో మగ్గాల పని మాది. జీజే-05 నంబరున్న పాత కారు బేరం కుదిరింది. తర్వాత వరంగల్ తీసుకెళ్తాం. ఏం చూసుకోవాలి సార్?

జవాబు: ముందు ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. ఫైనాన్స్ ఉన్నట్టు కనిపిస్తే, బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా పైసా ఇవ్వకండి. చాసిస్ నంబరు ఆర్సీతో సరిపోవాలి.

నా అసలు భయం నీళ్ళ గురించే. 2006 ఆగస్టులో తాపీ వరద ఊరినే ముంచింది. ఊళ్ళోని ఖాడీలు (వాగులు) ఇప్పటికీ వానాకాలంలో పొంగుతుంటాయి. సీటు బెల్టును చివరిదాకా లాగండి, మొదట్లో బురద చార కనిపిస్తే ఆ కారు వద్దే వద్దు. కార్పెట్ ఎత్తి తుప్పు చూడండి. సర్వీసు రికార్డు కూడా అడగండి.

తెలంగాణకు మార్చాలంటే సూరత్ ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్ఓసీ కావాలి. తెలంగాణలో కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్‌ను బేరంలోనే లెక్కేసుకోండి.