కెమెరా ఎక్కడ పెట్టాలె?

ఎన్‌బీఏ 2కే లాంటి బాస్కెట్‌బాల్ గేమ్‌లో టీమ్‌ను ఏరుకోవడానికి పావుగంట తీసుకుంటం గానీ, కెమెరా సెట్టింగ్ జోలికి పోం. ఫస్టియర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్ అక్కరకొచ్చేది అక్కడే.

అంతర్జాతీయ కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. 'బ్రాడ్‌కాస్ట్' వ్యూ టీవీలో లాగా పక్క నుంచి చూపిస్తుంది. పొడవు పూర్తిగా కనబడుతుంది, వెడల్పు కుదించుకుపోతుంది. కెమెరా 30 డిగ్రీల వాలులో చూస్తోందనుకోండి. సైన్ 30 అంటే సగం. దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా కనబడే తేడాను పక్కన పెడితే, 15 మీటర్లు ఏడున్నర లాగే అనిపిస్తాయి. అవతలి గీత దగ్గర మనోడు ఖాళీగా ఉన్నాడో లేడో తెలియక పాస్ పోయేది అందుకే.

'2కే' వ్యూ కోర్టు చివర నుంచి చూపిస్తుంది. ఎడమ, కుడి ఖాళీలు స్పష్టంగా తెలుస్తాయి. పొడవు మాత్రం కుదించుకుపోతుంది. బుట్టకు ఎదురుగా నిలబడితే, కాలు మూడు పాయింట్ల గీతకు లోపలుందా, బయటుందా అని తికమక.

కెమెరా ఎత్తు పెంచితే నేల మీది దూరాలు తేటపడతాయి. కానీ 3.05 మీటర్ల ఎత్తున్న రింగు పొట్టిదైపోతుంది, రీబౌండ్‌కు ఎప్పుడు ఎగరాల్నో అంతుపట్టదు. 45 డిగ్రీల దగ్గర రెండు నష్టాలూ సమానం.

ఒక్కరే ఆడుతుంటే, పాస్‌లు ముఖ్యమైతే చివరి నుంచి చూడండి. హాస్టల్‌లో ఇద్దరు ఒకే స్క్రీన్ మీద పందెం కాస్తే మాత్రం పక్క నుంచే. ఒకరిది ఎడమ బుట్ట, ఒకరిది కుడి బుట్ట, చూపు ఇద్దరికీ సమానం. ఓడినోడికి కెమెరా సాకు మిగలదు.