కష్టంలో కృతజ్ఞత చెప్పడం నటనా?

ప్రశ్న: మా ఆయనకు కాంట్రాక్టు పని పోయింది. అప్పులవాళ్లు గుమ్మంలోకి వస్తున్నారు. ప్రార్థనలో దేవునికి కృతజ్ఞత చెప్పబోతే గొంతు పెగలడం లేదు. మనసులో లేనిది పైకి చెప్తే నటన కాదా?
– ఒక సోదరి, మల్కాపురం, విశాఖపట్నం

జవాబు: నటించమని దేవుడు మిమ్మల్ని అడగడం లేదమ్మా. పని పోయినందుకు వందనాలు చెప్పమని బైబిలు ఎక్కడా అనదు. ఆ కష్టంలోనూ విడిచిపెట్టని దేవునికి చెప్పమంటుంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో పౌలు విన్నపాన్నీ కృతజ్ఞతనూ ఒకే ప్రార్థనలో కలిపాడు. అప్పుడాయన చెరసాలలో ఉన్నాడు.

కాబట్టి ముందు మీ బాధ చెప్పుకోండి. 13వ కీర్తన ‘ఇంకెంతకాలం’ అన్న నిలదీతతో మొదలై పాటతో ముగుస్తుంది. 88వ కీర్తనైతే చివరిదాకా చీకట్లోనే ఉంటుంది. అదీ ప్రార్థనే. అందుకే ఈరోజు స్తుతి రాకపోతే మీ విశ్వాసం పోయిందని కుమిలిపోకండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖను కుదిపేసింది. ఆ చీకటి రాత్రుల్లో పక్కింటివాళ్లు ఇచ్చిన బిందెడు నీళ్లకు ఎందరో దేవునికి దణ్ణం పెట్టుకున్నారు. నష్టం నష్టమే, మేలు మేలే. రెండూ ఆయనకు చెప్పుకోవచ్చు.

రాత్రి పడుకునే ముందు మీకు కావలసింది అడగండి. తర్వాత ఆ రోజు అందిన ఒక్క మేలును పేరుపెట్టి చెప్పండి. మీ ఆయనను పక్కన కూర్చోబెట్టుకోండి. అప్పుల సంగతి సంఘ పెద్దల దగ్గర దాచకండి. దేవుడు పంపే సహాయం తరచూ మనుషుల చేతుల మీదుగానే వస్తుంది.