రెండు కంప్యూటర్ల లెక్క కలవకపోతే... పిలుపు మీకే!

మందమర్రిలో పిల్లల చదువు పూర్తయిందంటే ఇంట్లోవాళ్ల ఆశ సింగరేణి కొలువు మీదే ఉంటుంది. ఒకప్పుడు లక్ష దాటిన ఆ సంస్థ ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు 40 వేల దరిదాపులకు దిగింది. కంప్యూటర్ చదివినవాళ్లేమో అందరూ కోడింగ్ వైపే చూస్తున్నారు. డేటాబేస్ సపోర్ట్ అనే దారి చాలామంది కంట పడదు. ఒకే డేటాబేస్ కాపీలు వేర్వేరు కంప్యూటర్లలో ఉన్నప్పుడు వచ్చే తగవు తీర్చడం అందులో అక్కరకొచ్చే నైపుణ్యం.

పాత సాఫ్ట్‌వేర్, పాతబడని సమస్య

నెట్‌వర్క్ లేనిచోట ఎవరి కాపీలో వాళ్లు పనిచేసి, తర్వాత సింక్ చేసుకునే రెప్లికేషన్ సదుపాయం మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 95తో వచ్చింది. యాక్సెస్ 2007 తెచ్చిన కొత్త ఫైల్ ఫార్మాట్‌లో అది లేదు. 2013 వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు. అయినా ఎస్‌క్యూఎల్ సర్వర్ మెర్జ్ రెప్లికేషన్‌లో, కౌచ్‌డీబీలో, 2019లో హెచ్‌సీఎల్ చేతికి వచ్చిన నోట్స్‌లో, నెట్ లేకున్నా పనిచేసే మొబైల్ యాప్‌లలో కాపీల మధ్య ఇదే తగవు ఎదురవుతుంది.

తగవు ఎక్కడ మొదలవుతుంది?

ఒక స్పేర్‌పార్టుల వ్యాపారికి మందమర్రిలో, మంచిర్యాలలో దుకాణాలున్నాయనుకుందాం. గోదాము ఒక్కటే, అందులో 40 బేరింగులున్నాయి. మందమర్రిలో 5 అమ్మి స్టాకు 35 అని రాశారు. అదే రోజు మంచిర్యాలలో 8 అమ్మి 32 అని రాశారు. రాత్రి సింక్ చేస్తే ఒక్క అంకే నిలుస్తుంది. 35 నిలిచినా, 32 నిలిచినా తప్పే. గోదాములో ఉన్నవి 27.

యాక్సెస్ 97లో ఎక్కువసార్లు మారిన రికార్డు గెలిచేది. యాక్సెస్ 2000 నుంచి ప్రాధాన్య సంఖ్య ఎక్కువున్న కాపీ గెలిచేది. ఓడిన రికార్డు కాన్‌ఫ్లిక్ట్ టేబుల్‌లో ఉంటుంది. అంటే సాఫ్ట్‌వేర్ గెలుపోటములు తేలుస్తుందే తప్ప ఏది నిజమో చెప్పదు. ఆ పని మనిషిదే. మీ ఉద్యోగం అక్కడే ఉంది.

పరిష్కారం వరుస ఇదీ

- ముందుగా అన్ని కాపీలకూ బ్యాకప్ తీయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత కాపీని రెప్లికా (సింక్ అయ్యే కాపీ) మీద పేస్ట్ చేయొద్దు.
- కాన్‌ఫ్లిక్ట్ టేబుల్ తెరిచి గెలిచిన రికార్డునూ ఓడినదాన్నీ పక్కపక్కన చూడండి. చూడకుండా ఓకే నొక్కొద్దు.
- తగవు ఏ రకమో తేల్చండి: ఒకే రికార్డును ఇద్దరు మార్చారా? ఒకరు చెరిపిన ఖాతాదారు పేరు మీద మరొకరు బిల్లు రాశారా? రెండు చోట్లా ఒకే బిల్లు నంబరు పడిందా?
- ఆ రికార్డు రాసినవాళ్లను అడగండి. కాగితం బిల్లుతో సరిచూడండి.
- మళ్లీ రాకుండా డిజైన్ మార్చండి. మిగిలిన స్టాకును అంకెగా దాచకుండా ప్రతి అమ్మకాన్నీ వేరే వరుసగా రాస్తే 5, 8 రెండూ నిలుస్తాయి, 27 లెక్క దానంతటదే వస్తుంది. బిల్లు నంబరుకు ముందు దుకాణం కోడ్ చేర్చండి.

ఎలా నేర్చుకోవాలి?

పాలిటెక్నిక్ డిప్లొమా, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్, బీటెక్... ఏది చదివినా సరే, ఎస్‌క్యూఎల్‌లో కీలు, జాయిన్లు, ట్రాన్సాక్షన్లు గట్టిగా రావాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్ ఉచితం. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు డేటాబేస్‌ల మధ్య మెర్జ్ రెప్లికేషన్ పెట్టి, ఒకే వరుసను రెండు చోట్లా మార్చి, తగవు మీరే పుట్టించండి. తీర్చిన తీరును రెండు పేజీల్లో రాసుకోండి. కోర్సు సర్టిఫికెట్ కంటే ఆ రెండు పేజీలే ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడిస్తాయి.

డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, అప్లికేషన్ సపోర్ట్, డేటా మైగ్రేషన్ కొలువులకు ఇది పునాది. వెతుకులాట హైదరాబాద్‌తోనే మొదలుపెట్టనక్కర్లేదు. కరీంనగర్‌లో 2020లో ఐటీ టవర్ ప్రారంభమైంది.

ఇంటర్వ్యూకు సిద్ధమవ్వండి

- చివర రాసినదే గెలవాలన్న నియమంతో నష్టమేమిటి?
- మార్పులను రికార్డు మొత్తంగా గమనించడానికీ, కాలమ్‌వారీగా గమనించడానికీ తేడా ఏమిటి?
- పాత యాక్సెస్‌లో రెప్లికేషన్ పెట్టగానే ఆటోనంబర్ వరుస తప్పి ఎందుకు వచ్చేది?

మూడో ప్రశ్నకు జవాబు: రెండు కాపీల్లో ఒకే నంబరు పడకుండా. మిగతా రెండింటికీ జవాబులు ప్రయోగం చేసి మీరే రాబట్టండి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.